బటన్ పేరు మారింది, కాయితం మారలేదు

పోయిన ఎండాకాలం సంగతి. రాచకొండ గుట్టల కింద ఒక తండాలో సాగు చేసుకుంటున్న చెలకల హద్దులు ఫోన్‌లో ఎక్కిస్తున్నం. పొద్దున్నే చౌటుప్పల్‌లో బస్సెక్కి నారాయణపురం దిక్కు పోయి, అక్కడి నుంచి ఒక్క బండి మీద ముగ్గురం. చెలక చుట్టూ నడవాలె, ప్రతి మూలకి ఆగి పాయింట్ పట్టాలె, పేరూ వివరాలూ ఫారంలో నింపి పంపాలె. యాప్ ఓపెన్ సోర్స్‌ది. పైసా ఖర్చు లేదు, సిగ్నల్ లేకున్నా పనిచేస్తది. దాన్ని ఎట్ల వాడాలో ఇంగ్లీషులో ఒక పేజీ ఉంది. ముందురోజు రాత్రి కూసొని ఆ పేజీని నేనే తెలుగులో రాసి, జిరాక్స్ తీయించి మా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పంచిన.

ఆ పేజీలో ఒక మాట ఉంది. నింపిన ఫారాలు ఫలానా బటన్ కింద ఉంటయి, అక్కడికి పోయి పంపండి అని. మా ఫోన్లల్ల ఆ పేరుతో బటనే లేదు. కొత్త వర్షన్‌లో దాని పేరు మారింది, చోటు మారింది, నడుమ ఇంకో మెట్టు కూడా పెరిగింది. సేవ్ కొట్టంగనే పోయిందనుకున్నరు మావోళ్ళు. ఒక తమ్మునికి ఫోన్ నిండిపోయిందని వస్తే యాప్ తీసేసి మళ్ళా ఎక్కించుకున్నడు. దానితోని ఐదు చెలకల హద్దులు గాయబ్. పొద్దూకినంక కంప్యూటర్ ముంగట కూసొని లెక్క చూస్తే గని తెల్వలేదు. మోకాళ్ళ నొప్పితోని పొద్దంతా ఎండల మా వెంట తిరిగిన కాకా ఒకాయన, "మళ్ళా మొదటి నుంచి నడువుమంటవా బిడ్డా?" అని అడిగిండు. కోపంగా కాదు, ఉత్తగనే అడిగిండు. నాకు జవాబు రాలేదు.

రాత్రి ఆ పేజీ మళ్ళా తెరిచిన. తిట్టుడు రాద్దామనే తెరిచిన, అబద్ధం ఎందుకు. అప్పుడు పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఒక లింకు కనవడ్డది: ఈ పేజీని సవరించండి. నిజానికి అది అంతకుముందు కూడా ఆరేడుసార్లు నా కండ్ల వడ్డదే. నాకు కాదు అనుకున్న. డిగ్రీ చదివిన, బీకాం కంప్యూటర్స్, అయినా నాకు కాదనుకున్న. కౌంటర్ల ముందు, టేబుళ్ళ ముందు నిలవడి నిలవడి మనకు అలవాటైంది అది. ఇచ్చింది తీసుకో, కాయితంల తప్పుంటే నువ్వే తిప్పలు పడు, దిద్దే చెయ్యి మనది కాదు అని. మనల్ని లబ్ధిదారులు అంటరు కదా. ఆ మాట ఫోన్ల దాకా వచ్చి కూసుంది.

ఈ రాత రాస్తున్నది ఆ లింకు గురించే. చదివేటోళ్ళల్ల చానామంది చేతుల ఇప్పుడు ఫోన్ ఉంది. అందుకే వివరంగ చెప్త.

ఓపెన్ సోర్స్ అంటే ఏందో కొందరికి తెలుసు, కొందరికి తెల్వదు. ఆ సాఫ్ట్‌వేర్ లోపలి రాత అంతా బహిరంగంగ ఉంటది. ఎవరన్నా చూడొచ్చు, వాడొచ్చు, మార్చొచ్చు, మార్చింది పంచొచ్చు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ అట్లాంటిదే, 2002ల మొదలైంది. ఫీల్డ్ సర్వేలకు వాడే ఓడీకే 2008ల వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఉత్తరాలు, దరఖాస్తులు టైపు చేసుకునే లిబ్రెఆఫీస్, మన తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ కూడా ఈ జాతివే. వీటి వెంట డాక్యుమెంటేషన్ అని ఉంటది, ఎట్ల ఎక్కించాలె, ఎట్ల వాడాలె, ఆగిపోతే ఏం చేయాలె అని రాసిపెట్టిన కాయితాల కట్ట. సాఫ్ట్‌వేర్ ఎంత బహిరంగమో ఈ కట్ట కూడా అంతే బహిరంగం. దిద్దే హక్కు కూడా అందరిది.

దిద్దెటోళ్ళు మాత్రం తక్కువ. 2017ల గిట్‌హబ్ ఒక సర్వే చేసింది. కాయితాలు సగం సగం ఉంటున్నయి, పాతబడి ఉంటున్నయి అని 93 శాతం మంది చెప్పిన్రు. అదే సర్వేల, ఈ ప్రాజెక్టులకు ఏదో ఒక పని చేసేటోళ్ళల్లనే 60 శాతం మంది డాక్యుమెంటేషన్ జోలికి ఎప్పుడో తప్ప పోము, లేదా అసలే పోము అన్నరు. ఎందుకంటే కోడ్ రాసెటాయనకు ఆ కాయితంతోని పనిలేదు. గడప ఎత్తు ఇంటోళ్ళకు తెల్వది, కాలు తాకిన చుట్టానికే తెలుస్తది. బటన్ పేరు మార్చినాయన కొత్త పేరు చూసుకుంట పనిచేస్తున్నడు, పాత పేరు రాసిన పేజీ దిక్కు ఆయన ఎందుకు పోతడు? ఆ తప్పు చూసే అవకాశం ఉన్నది ఎండల నిలవడి బటన్ ఎతుకుతున్న మా తమ్మునికే. చూసినోడు చెప్పకపోతే రేపు ఇంకో జిల్లాల, ఇంకో దేశంల ఇంకో కాకా రెండుసార్లు నడుస్తడు.

సరే, ఎట్ల దిద్దాలె? నేను చేసింది చెప్త.

ముందు గిట్‌హబ్‌ల ఒక ఖాతా తీసుకోవాలె. ఒక ఈమెయిల్ ఉంటే చాలు, పైసలు అడగరు. తర్వాత దిద్దాలనుకున్న పేజీకి పోయి సవరించండి అనే లింకు నొక్కితే, ఆ పేజీ అసలు రాత ఉన్న జాగకు తీసుకపోతది. అక్కడ పెన్సిల్ బొమ్మ ఉంటది. నొక్కంగనే, నీకు దీన్ని నేరుగ మార్చే అధికారం లేదు, ఫోర్క్ చేసుకో అంటది. ఇక్కడనే చానామంది భయపడి వెనక్కి మర్రుతరు. నేను కూడా మర్రిన, రెండు రోజులు. ఫోర్క్ అంటే మరేం లేదు, ఆ కట్ట మొత్తం నీ పేరు మీద ఒక నకలు తీసుకునుడు. నీ నకలుల నువ్వు ఎన్ని తప్పులు చేసినా అసలుకు ఏం కాదు. అసలు పగులుతదేమో అని చేతులు వణకవలసిన పని లేదు.

నకలుల దిద్దినంక, ఏం మార్చినవో ఒక లైన్ల రాయమంటది. దాన్ని కమిట్ సందేశం అంటరు. "సవరణ" అని ఒక్క మాట రాసి ఊకోవద్దు. "కొత్త వర్షన్‌లో బటన్ పేరు మారింది, పేజీల సరిచేసిన" అని రాయాలె. తర్వాత పుల్ రిక్వెస్ట్. నా నకలుల ఈ మార్పు చేసిన, మీ అసలులకు తీసుకోండి అని అడుగుడే అది. దరఖాస్తు వంటిదే కానీ ఒక తేడా ఉంది. ఇది అందరికీ కనవడేటట్టు ఉంటది, ఏ తారీఖున పెట్టినవో, ఎవరు ఏమన్నరో, ఎందుకు తీసుకున్నరో, ఎందుకు తీసుకోలేదో మొత్తం అక్కడనే ఉంటది. దరఖాస్తు ఎక్కడ పోయిందో తెల్వక ఏండ్లకేండ్లు తిరిగిన మనకు ఇది కొత్తే. నాకైతే అన్నిటికన్నా ఇదే నచ్చింది.

నేను మార్చింది మొత్తం మూడు లైన్లు. రెండు లైన్లల్ల పాత పేరు తీసి కొత్త పేరు పెట్టిన. ఒక లైను కొత్తగ రాసిన: ఫారం పంపేదాకా యాప్ తీసేయొద్దు, తీసేస్తే అందులున్నవి పోతయి అని. మూడు రోజులకు జవాబొచ్చింది. మీరు వాడుతున్న వర్షన్ ఏది అని అడిగిన్రు. ఇంకోటి, ఈ హెచ్చరిక పేజీ అడుగున ఉంటే ఎవరూ చూడరు, పైన పెడదామా అన్నరు. వాళ్ళు చెప్పింది నిజమే, నేనే అడుగున లింకు ఆరేడుసార్లు చూసి వదిలేసిన మనిషిని. పైకి జరిపి మళ్ళా పంపిన. తీసుకున్నరు. ఇప్పుడు ఆ పేజీ తెరిచినోళ్ళకు మొదట కనవడేది ఆ లైనే.

కంప్యూటర్ లేకుంటే ఫోన్ బ్రౌజర్‌ల కూడా ఈ పనంతా అయితది, కండ్లు గుంజుతయి గని. రాత మార్క్‌డౌన్ అనే తీరుల ఉంటది, శీర్షికకు ముందు ఒక గుర్తు, జాబితాకు ఒక గుర్తు, అంతే. క్యూజీఐఎస్, ఓడీకే కాయితాలల్ల గుర్తులు కొంచెం వేరు. భయపడకుండ పక్క లైన్ ఎట్లుందో చూసి అట్లనే రాయాలె. ప్రాజెక్టుల కాంట్రిబ్యూటింగ్ అనే పేరుతో ఒక ఫైల్ ఉంటది చానావరకు. అది చదివినంకనే మొదలు పెట్టాలె, ఒక్కో ఇంటికి ఒక్కో పద్ధతి కదా. ఒకసారికి ఒక్క మార్పే పంపాలె. పది మార్పులు ఒక్కదాంట్ల కుక్కితే చూసెటోళ్ళు ఏది తీసుకోవాలో తెల్వక పక్కకు పెడతరు.

దిద్దేంత ధైర్యం లేదా? అయితే ఇష్యూ అని ఒకటి ఉంటది, అండ్ల తప్పు ఎక్కడుందో చెప్తే చాలు. ఏ పేజీ, ఏ వర్షన్, ఏ ఫోన్, పేజీల ఏమని ఉంది, నువ్వు అట్లనే చేస్తే ఏమైంది, ఈ ఐదు ముచ్చట్లు ఉండాలె, ఒక స్క్రీన్‌షాట్ పెడితే ఇంకా మంచిది. "మీ యాప్ పనిచేస్తలేదు" అని ఊకె రాస్తే ఎవ్వరికీ అక్కరకు రాదు. వికీల మీద నడిచే కాయితాలకైతే ఇవేవీ అవసరం లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వికీ అట్లాంటిదే, నేరుగ సవరించి భద్రం చేయొచ్చు. తెలుగు వికీపీడియాల మన ఊరి పేజీ దిద్దినోళ్ళు మీలో ఉంటే ఆ పని మీకు ఇప్పటికే వచ్చు. లిబ్రెఆఫీస్ పుస్తకాల పద్ధతి ఇంకా అల్కగ ఉంటది, వాళ్ళ గైడ్లు లిబ్రెఆఫీస్ రైటర్‌లనే రాస్తరు. దరఖాస్తు టైపు చేయచ్చినోళ్ళెవరైనా అండ్ల ఒక అధ్యాయం సరిచూడొచ్చు.

ఇంగ్లీషు రాదు కదా అంటరా? అదే 2017 సర్వేల, జవాబిచ్చినోళ్ళల్ల దాదాపు నాలుగో వంతు మంది మాకు ఇంగ్లీషు చదువుడు రాసుడు అంత బాగ రాదు అని చెప్పుకున్నరు. వాళ్ళంతా ఆ పనులల్ల ఉన్నోళ్ళే. చిన్న వాక్యాలు రాయాలె, ఒక్కో వాక్యంల ఒక్కో పని. నిజం చెప్పాలంటే మనకు వచ్చిన ఇంగ్లీషే కాయితానికి మంచిది. పెద్ద పెద్ద మాటలు రావు కాబట్టి సూటిగ రాస్తం.

ఇంక తెలుగు. సాఫ్ట్‌వేర్ మాటల్ని తెలుగులకు మార్చే పని వెబ్‌లేట్, ట్రాన్సిఫెక్స్, పంటూన్ అనే వేదికలల్ల జరుగుతది. లిబ్రెఆఫీస్‌కు వెబ్‌లేట్, క్యూజీఐఎస్‌కు ట్రాన్సిఫెక్స్, ఫైర్‌ఫాక్స్‌కు పంటూన్. ఒక దిక్కు ఇంగ్లీషు వాక్యం, ఇంకో దిక్కు ఖాళీ గడి, నింపుడే పని. హైదరాబాద్‌ల స్వేచ్ఛ వాళ్ళు తెలుగులో పనిచేసే లినక్స్ తెచ్చిన్రు, వాళ్ళు కాక ఇంకెందరో ఏండ్లుగ తెలుగు మాటలు ఎక్కించిన్రు. వాళ్ళకు దండం పెట్టి ఒక మాటంట. ఆ తెలుగు మా తండాకు చేరలేదు. సెట్టింగ్స్‌ను అమరికలు అన్నరు. మా దగ్గర ఎవ్వరూ అనరు, సెట్టింగ్స్ అనే అంటరు. సేవ్‌ను భద్రపరచు అంటే మా చెల్లె ఒకామె బీరువాల పెట్టుడా అక్కా అని నవ్వింది. కానీ ఫైల్‌ను దస్త్రం అన్నరు చూడు, అది మా తాతలకు తెలుసు. పట్వారీ చంకల ఉండే కట్ట అది! ఏ మాట నడుస్తది, ఏ మాట నడవదు అనేది తెలిసినోళ్ళు ఆ గడుల ముందు కూసోలేదు కాబట్టే ఇట్లయింది. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. మనం కూసోవాలె. గోర్ బోలికి సొంత లిపి లేకున్నా తెలుగు అక్షరాలతోని రాసుకుంటున్నం కదా, ఒక పేజీ సూచనలు అట్ల రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కాయితం విలువ ఎంత అని అడిగేటోళ్ళకు మన జిల్లా ముచ్చటే ఒకటి ఉంది. నల్గొండ టెక్నిక్ అని విన్నరా? నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతి, నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లల్ల తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, పేరుకోనిచ్చి, పైన తేటనీళ్ళు తీసుకునుడు. మన నీళ్ళ కష్టం పేరుతోనే అది ఆఫ్రికా దేశాల దాకా పోయింది. అది చేసెటోళ్ళకు ముఖ్యమైంది పటిక కొలత. ఎంత పటిక వేయాలె అనేది నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎంత, క్షారగుణం ఎంత అనే దాన్నిబట్టి మారుతది. ఆ కొలతల పట్టిక రాసి ఉంటేనే ఇంకో ఊరోడు చేయగలడు. పటిక దొరికినా పట్టిక దొరకకపోతే నీళ్ళు నీళ్ళలెక్కనే ఉంటయి. 2015ల మన చౌటుప్పల్‌ల భగీరథ పైలాన్ లేపిన్రు, గుట్ట మీదికెళ్ళి చూస్తే కనవడతది. దాని మీద ఎవరి పేర్లున్నయో అందరికీ తెలుసు. పటిక కొలతల పట్టిక ఎవరు రాసిన్రో ఎవరికీ తెల్వదు.

ఇంకోటి, ఆదిలాబాద్ దిక్కుది. గుంజాల ఊర్ల గోండి లిపి రాతప్రతులు దొరికినయి. ఆ అక్షరాలు ఈరోజు ఫోన్ల టైపు చేయొచ్చు, ఎందుకంటే 2018 జూన్‌ల వచ్చిన యూనికోడ్ 11.0ల గుంజాల గోండి చేరింది. ఊరికె చేరలేదు. ఏ అక్షరం పేరేంది, ఎట్ల రాస్తరు, ఏ ప్రతిల ఉంది అని నమూనాలతో సహా ప్రతిపాదన రాసి పెడితే చర్చ జరిగి చేరింది. లిపిని కాపాడుకున్నోళ్ళు ఊరోళ్ళు. దాన్ని ఫోన్ల దాకా తెచ్చింది మాత్రం ఓపికగ రాసిన ఒక పత్రం.

ఒక గట్టి హెచ్చరిక కూడా చేయాలె. అక్టోబర్ వస్తే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని నడుస్తది, 2014 నుంచి ఉంది. కొన్ని పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇచ్చెటోళ్ళు. 2020ల మన దేశం పిల్లలు చానామంది ఒక వీడియో చూసి, కాయితాలల్ల ఒక మంచి మాటో, తమ పేరో జొప్పించి వేలకువేలు పంపిన్రు. నడిపెటోళ్ళు తట్టుకోలేక నెల మొదట్లనే నియమాలు మార్చవలసి వచ్చింది. 2024ల ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టు మీద మళ్ళా ఇదే వరద, ఒక పాఠం వీడియోల చూపించిన తీరునే వందలమంది చేసిన్రు. పిల్లల్ని అనను, వాళ్ళకు అట్ల నేర్పినోళ్ళను అంటున్న. అసలు పని చేద్దామని వచ్చే మన పిల్లల పేరు చూడంగనే అవతలోళ్ళు అనుమానపడే రోజు తెచ్చిన్రు. రెజ్యూమేల పెట్టుకుందామని దిద్దొద్దు. ఏఐతోని పది పేరాలు రాయించి పంపొద్దు, ఆ బటన్ నువ్వు నొక్కి చూసినవా లేదా అన్నదే అక్కడ లెక్క.

మా సంఘంల ఒక అన్న అడిగిండు. "పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఈ సాఫ్ట్‌వేర్ వాడుకొని కోట్లు సంపాదిస్తయి, మనం ఫ్రీగ వెట్టి చేయాల్నా?" అని. వెట్టి అన్న మాట మన దిక్కు ఉత్త మాట కాదు, అందుకే ఆలోచించిన. ఆయన అన్నదాంట్ల నిజం ఉంది. కంపెనీలు పైసలు పెట్టి రాయించుకోవలసిన పనులు ఉన్నయి, అవి మనం చేయొద్దు. నేను దిద్దేది మనం వాడేదాన్ని, మనకు దెబ్బ తాకిన చోటుని. వెట్టిల మనకు ఇష్టం ఉన్నా లేకున్నా చేయాలె, చేసినంక అది మనది కాదు. ఇక్కడ ఇష్టమైతేనే చేస్తం, చేసింది మనం కూడా తీసుకుంటం. అయినా అన్న పూర్తిగ ఒప్పుకోలేదు. ఒప్పుకోకున్నా పర్వాలేదు.

ఇంకో చెల్లె, ఫోన్ పాయింట్లకు ఇంత కష్టం ఎందుకక్కా, వాటిని నమ్ముతరా అన్నది. 2012ల సవరించిన అటవీ హక్కుల నియమాలల్ల ఉపగ్రహ చిత్రాల వంటి సాంకేతికం వేరే సాక్ష్యాలకు తోడు కావొచ్చు గని వాటి బదులు కాదు అని ఉంది. కాబట్టి ఫోన్ ఒక్కటే చాలదు, పెద్దమనుషుల మాట, పాత రసీదులు, బావి, చెట్టు, సమాధి అన్నీ చూపాల్సిందే. కానీ తోడుండే సాక్ష్యం కూడా సక్కగ ఉండాలె కదా. ఒక మూల పాయింట్ తప్పితే దాన్నే పట్టుకొని మొత్తం దావా అబద్ధం అనేటోళ్ళు ఉన్నరు.

కాకా చెలక మళ్ళా నడిచినం. ఈసారి పొద్దుగాల ఆరింటికే మొదలుపెట్టినం, ఎండ రాకముందే అయిపోయింది. జిరాక్స్ కాయితం కూడా కొత్తది. ఇప్పుడు నా ఇంకో సవరణ పెండింగుల ఉంది. సిగ్నల్ లేని చోట మ్యాపు ముందే ఎట్ల దించుకోవాలె అనే పేజీకి రెండు వాక్యాలు చేర్చిన. చూసెటోళ్ళు ఒక ప్రశ్న అడిగిన్రు, మ్యాపు దించుకునుటానికి మీ దగ్గర నెట్ ఎంతసేపు ఉంటది అని. నిన్న రాత్రి జవాబు రాస్తుంటే కరెంట్ పోయింది. ఇయ్యాల పొద్దుగూకినంక చౌటుప్పల్ బస్టాండ్ దగ్గర కూసొని పంపాలె.